పదో తరగతి తర్వాత ఆరేళ్ల లెక్క



గత రంజాన్‌లో ఒకరోజు ఇఫ్తార్ అయి, మగ్రిబ్ నమాజు ముగించుకుని అందరం చాయ్ తాగుతుండగా ఒక దాత మమ్మల్ని పక్కకు పిలిచారు. వారి తమ్ముడి కుటుంబం అమెరికాలో ఉంటుంది. "మా తమ్ముడి కూతురు ఇంకా హైస్కూలే దాటలేదు మాస్టారూ. అప్పుడే కాలేజీలో ఏడాది చదువు అయిపోయినట్టేనంట. అదెలాగో నాకు అర్థం కాలేదు. మన పిల్లలకు అలాంటిది ఏమన్నా ఉంటే చెప్పండి, దానికి నేనిస్తాను" అన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కనుక, సంచికలో రాస్తామని మాట ఇచ్చాం. ఆయన ఒక్కరికే కాదు, మా విద్యా విభాగానికి ఏటా డబ్బిచ్చే మీ అందరికీ ఈ లెక్క తెలిసి ఉండాలని మా కోరిక. మీరిచ్చే రూపాయి ఏ మెట్టు మీద పెడితే పిల్లవాడు ఎంత ఎత్తు ఎక్కుతాడన్నది ఈ లెక్కను బట్టే ఉంటుంది.

ముందు అమెరికా సంగతి. అక్కడ కాలేజీ చదువును సంవత్సరాల్లో కన్నా క్రెడిట్లలో కొలుస్తారు. ఒక్కో సబ్జెక్టుకు సాధారణంగా 3 క్రెడిట్లు. నాలుగేళ్ల డిగ్రీకి సుమారు 120 కావాలి. ఆ 120లో కొన్నిటిని హైస్కూల్లో ఉండగానే సంపాదించుకునే ఏర్పాటు ఉంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పరీక్షలు ఒక దారి. వాటిని కూడా పొట్టిగా ఏపీ అనే అంటారు, మన రాష్ట్రం పేరులాగే. 1950లలో మొదలైన ఈ పరీక్షలను కాలేజ్ బోర్డ్ అనే సంస్థ ఏటా మే నెలలో నిర్వహిస్తుంది. 5కి 3 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. పేరున్న విశ్వవిద్యాలయాలు కొన్ని 4, 5 అడుగుతాయి. రెండో దారి డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్. అంటే హైస్కూలు విద్యార్థి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒక సబ్జెక్టు చదువుతాడు. ఆ మార్కులు బడి లెక్కలోకీ వస్తాయి, కాలేజీ లెక్కలోకీ వస్తాయి. ఫ్లోరిడా, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల్లో దీనికి ట్యూషన్ ఫీజు కూడా కట్టనక్కర్లేదు. అక్కడ కాలేజీ చదువుకు తల్లిదండ్రులు అప్పులపాలవుతారు కాబట్టి, ముందే సంపాదించిన ఏడాది అంటే అంత అప్పు తగ్గినట్టే. దాతగారి తమ్ముడి కూతురు చేసింది ఈ రెండిట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

మరి మన దగ్గర? కాగితం మీద మన దేశంలోనూ ఇలాంటి పద్ధతి వచ్చింది. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను బ్యాంకులో డబ్బులాగా అతని పేరున దాచే ఖాతా అది. 2023 ఏప్రిల్‌లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకటించి బడి చదువును కూడా ఆ లెక్కలోకి తెచ్చారు. దాని ప్రకారం ఏడాదికి 1200 గంటల చదువు, అంటే 40 క్రెడిట్లు. 30 గంటలకు ఒకటి చొప్పున. పదో తరగతి పూర్తయితే 3వ స్థాయి, ఇంటర్మీడియట్ పూర్తయితే 4, డిగ్రీ మొదటి ఏడాది పూర్తయితే 4.5. చదవడానికి ఇంపుగానే ఉంది. కాని మేము పాఠాలు చెప్పే బడుల్లో ఏ పిల్లవాడి మార్కుల జాబితాలోనూ ఈ క్రెడిట్లు ఇంకా మాకు కనబడలేదు. పదో తరగతి పిల్లవాడు ఇప్పుడు ఒక కాలేజీ సబ్జెక్టు చదివేసి, రెండేళ్ల తర్వాత డిగ్రీలో చేరినప్పుడు దాన్ని మినహాయించుకోవడం అన్నది పెదవేగిలో గాని ఏలూరులో గాని నేటికి జరిగే పని కాదు. ఇది దాచకుండా చెప్పడం మా బాధ్యత.

అయినా ఆ దాతగారి ప్రశ్నకు లేదు అనే జవాబు సరికాదు. పేరు క్రెడిట్ కాకపోవచ్చు, పని మాత్రం అదే చేసే దారులు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. మన పిల్లలు వాటిని వాడుకోవడం లేదంతే.

అన్నిటికన్నా పాతదీ, నమ్మకమైనదీ పాలిటెక్నిక్. పదో తరగతి పాసైనవారు పాలిసెట్ రాస్తారు. పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల మీదే 120 మార్కుల పరీక్ష. సీటు వస్తే మూడేళ్ల డిప్లొమా. ఆ తర్వాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ కాలేజీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు. దీన్నే లాటరల్ ఎంట్రీ అంటారు. ఇప్పుడు లెక్క చూడండి. ఇంటర్ దారిలో రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ దారిలో మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు, అదీ ఆరే. అంటే డిప్లొమా మూడేళ్లలో రెండేళ్లు ఇంటర్‌కు సరిపోగా, మూడో ఏడాది ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంగా లెక్కకు వచ్చేసింది. అమెరికా అమ్మాయి చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే మన పిల్లవాడి చేతిలో మధ్యలోనే ఒక డిప్లొమా ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఇంట్లో పరిస్థితి బాగోక ఆగిపోవలసి వచ్చినా ఉద్యోగానికి పనికివచ్చే కాగితం అది. ఇంటర్ పాసై ఆగిపోయినవాడికి ఆ ఆసరా లేదు. ఫిష్ ప్యాకింగ్ షెడ్డులో ఐసు కొట్టే తండ్రికి, రోడ్డు పక్కన పంక్చర్లు వేసే తండ్రికి ఈ ఒక్క మాట చెబితే చాలు, మిగతాది వారే అర్థం చేసుకుంటారు.

దీనిలో లోటుపాట్లు లేవని కాదు. ఈసెట్ ద్వారా వచ్చేవారికి కాలేజీలు ఇచ్చే సీట్లు పరిమితం. నేరుగా రెండో సంవత్సరంలో కూర్చున్న పిల్లలకు లెక్కల్లో మొదటి ఆరు నెలలు చుక్కలు కనిపిస్తాయి, ఎందుకంటే మొదటి సంవత్సరం గణితం తోటివారు చదివారు, వీరు అంత లోతుగా చదవలేదు. ఇంకొకటి, డాక్టరు కావాలనుకునే పిల్లలకు ఇది దారి కాదు. నీట్‌కు ఇంటర్‌లో జీవశాస్త్రం చదివి ఉండాలి. పదిహేనేళ్ల వయసులో ఈ నిర్ణయం తీసుకోవాలి గనుక, ఫలితాలు వచ్చాక కాదు, తొమ్మిదో తరగతిలోనే ఇంటికి వెళ్లి మాట్లాడాలని మేము పట్టుబట్టేది అందుకే. రెండేళ్ల ఐటీఐ చేసిన పిల్లలకు కూడా డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే వీలుంది. ఐటీఐతో చదువు అయిపోయిందని అనుకునే కుటుంబాలకు ఈ సంగతి అసలు తెలియదు.

రెండో దారి మన జిల్లాలోనే ఉంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మూడు ప్రాంగణాలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లా నుంచి మనలోకి వచ్చింది. పదో తరగతి మార్కుల మీద పిల్లలను తీసుకుని, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ అక్కడే చదివిస్తారు. పీయూసీ అన్న మాట వినగానే మాలో పెద్దవారికి పాత రోజులు గుర్తుకొస్తాయి. ఇంటర్మీడియట్ బోర్డు 1971లో వచ్చింది. అంతకు ముందు బడి దాటిన పిల్లవాడు కాలేజీలో ఏడాది పీయూసీ చదివి డిగ్రీకి వెళ్లేవాడు. అంటే విశ్వవిద్యాలయం చదువు అప్పుడే మొదలయ్యేది.

ట్రిపుల్ ఐటీలో సంవత్సరం మిగలదు, ఆరేళ్లు ఆరేళ్లే. మిగిలేది మధ్యలో ఉండే గండం. ఇంటర్ అయ్యాక మళ్లీ ఎంట్రెన్స్, మళ్లీ కౌన్సెలింగ్, మళ్లీ ఏ కాలేజీ అన్న బెంగ ఉండదు. పదిహేనేళ్లకే విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టినట్టు. మాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటి ఉంది. హాస్టల్ లేని జిల్లా పరిషత్, మునిసిపల్, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వారి స్కోరుకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది ఆ బడుల్లోనే కదా. ఈ సంగతి తెలియక ఎనిమిదో తరగతిలో అప్పు చేసి ప్రైవేటు బడికి మార్చిన తండ్రులు మాకు తెలుసు. అప్పూ మిగిలింది, ఆ 4 శాతమూ పోయింది.

వ్యవసాయం, ఉద్యానం, చేపల సాగు వైపు కూడా పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. కొల్లేరు చెరువుల మీద బతికే మన ఊళ్లకు, పామాయిల్ తోటల మధ్య ఉన్న పెదవేగికి ఇవి దగ్గరి చదువులు. ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ మన ఊళ్లోనే ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉంది. కాని వీటిని పాలిటెక్నిక్ ఇంజనీరింగ్‌తో కలిపి చూడకండి. వ్యవసాయ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి బీఎస్సీలో చేరవచ్చు గాని మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టాలి, నాలుగేళ్లూ చదవాలి. సీటుకు ఒక ప్రత్యేక ద్వారం తెరుచుకుంటుందే గాని సంవత్సరం కలిసిరాదు.

ఇంట్లో నుంచి బయటికి పంపడానికి వెనకాడే ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం మేము ఈమధ్య ఎక్కువగా చెబుతున్నది ఐఐటీ మద్రాసు వారి బీఎస్ డిగ్రీ. 2021 నుంచి డేటా సైన్స్‌లో నడుస్తోంది. జేఈఈ అక్కర్లేదు. పాఠాలు ఇంట్లోనే కంప్యూటరులో వినాలి, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. పదకొండో తరగతి, అంటే ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసినవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పాసైతే, ఇంటర్ పూర్తవగానే చేరడానికి సీటు సిద్ధంగా ఉంటుంది. మొత్తం 142 క్రెడిట్లు. మొదటి 32 పూర్తయితే ఫౌండేషన్ సర్టిఫికెట్ ఇస్తారు, మధ్యలో ఆగినా చేసినంతకు కాగితం దక్కుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఉంది. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది గనుక ఏలూరులో మామూలు డిగ్రీ చదువుతూ దీన్ని కూడా చదవవచ్చు. కష్టమైన చదువే, గణితం, ఇంగ్లీషు గట్టిగా ఉండాలి. ఫోనులో చదివితే అయ్యేది కాదు, కంప్యూటరు కావాలి. అక్కడే మీ అవసరం పడుతుంది.

పది తప్పినవారి సంగతి ఎవరూ రాయరు. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాలయం ఎన్ఐఓఎస్‌లోనూ, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లోనూ చేరవచ్చు. ఎన్ఐఓఎస్‌లో పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉండిపోతుంది, అయిదేళ్లలో తొమ్మిది అవకాశాల్లో మిగతావి పూర్తి చేయవచ్చు. బోర్డు పరీక్షలో ఇంతకు ముందు పాసైన సబ్జెక్టులు కొన్నిటిని బదిలీ కూడా చేసుకోవచ్చు. గణితం ఒక్కటి పోయి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు ఇంతకన్నా ఉపయోగపడే క్రెడిట్ పద్ధతి మాకు తెలియదు.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దాతల డబ్బుతో చేసిన పొరపాటు కనుక దాచకూడదు.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రైవేటు సంస్థ వారు వచ్చి, ఇంటర్ చదువుతూనే మా దగ్గర కోర్సు చేస్తే డిగ్రీ మొదటి సంవత్సరం క్రెడిట్లు వస్తాయని చెప్పారు. రంగుల కాగితాలు చూపించారు. మేము చదువుకున్నవాళ్లం, బడిలో పాఠాలు చెప్పేవాళ్లం, అయినా నమ్మాం. చురుకైన ఒక అమ్మాయికి మన నిధి నుంచి ఫీజు కట్టాం. ఆ అమ్మాయి రెండు చదువులూ మోసింది, రాత్రి పన్నెండు వరకూ కూర్చునేది. డిగ్రీలో చేరేరోజున కాలేజీవారు ఆ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మాకు చెల్లదన్నారు. ఆమె తండ్రి చేపల లారీ మీద పని చేస్తాడు. మమ్మల్ని ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. "డబ్బుదేముంది మాస్టారూ, అల్లాహ్ ఇస్తాడు. పిల్ల నిద్ర ఎవరిస్తారు?" అన్నాడు. ఆ మాట మా కమిటీ సమావేశాల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. ఆ అమ్మాయి మొదటి సంవత్సరం నుంచే డిగ్రీ చదివి పూర్తి చేసింది, అల్‌హమ్దులిల్లాహ్.

మేము నేర్చుకున్నది ఒకటే. క్రెడిట్‌ను ఇచ్చేవాడు చెప్పే మాట కాదు, పుచ్చుకునేవాడు ఏమంటాడో అడగాలి. పిల్ల చేరబోయే కాలేజీ లేక విశ్వవిద్యాలయం దీన్ని లెక్కలో వేస్తానని రాతపూర్వకంగా చెప్పకపోతే మేమిప్పుడు ఒక్క రూపాయి కట్టం. స్వయం, ఎన్‌పీటీఈఎల్ వంటి ప్రభుత్వ కోర్సుల విషయంలో కూడా ఇదే మాట. అవి మంచివి, పాఠాలు ఉచితం, పరీక్షకే రుసుము. డిగ్రీలో చేరిన విద్యార్థి 40 శాతం వరకు క్రెడిట్లు ఇలా సంపాదించడానికి యూజీసీ 2021లో అనుమతించింది. కాని బడిలో ఉండగా రాసినదాన్ని రేపటి కాలేజీ ఒప్పుకుంటుందని ముందే అనుకోవద్దు. నేర్చుకోవడానికి చదివించండి, సంవత్సరం మిగులుతుందని చెప్పి చదివించకండి.

ఇప్పుడు అసలు కష్టం. ఈ దారులన్నిటి ముందూ ఒకటే గుమ్మం, అది పిల్లవాడి పేరు. బడి పిల్లలందరికీ అపార్ అనే 12 అంకెల సంఖ్య ఇస్తున్నారు. ముందు చెప్పిన క్రెడిట్ల ఖాతా తెరుచుకునేది దానితోనే. బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటైతేనే అది వస్తుంది. మన పేర్ల సంగతి మీకు చెప్పాలా? ఇంగ్లీషులో షేక్ అన్న మాటను ఒకే ఇంట్లో మూడు రకాలుగా రాస్తారు. బడిలో ఎస్‌కే అని పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తిగా, రేషన్ కార్డులో ఇంటిపేరే ఉండదు. మహమ్మద్ ఒకచోట ఎండీ అవుతుంది. అమ్మాయికి బేగం ఒక కాగితంలో ఉంటే ఇంకో కాగితంలో ఉండదు. పదో తరగతి నామినల్ రోల్స్‌లో ఏ పేరు వెళ్తే అదే జీవితాంతం. మేము ఎనిమిదో తరగతి పిల్లల కాగితాలు ముందే తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. సగం పని అక్కడే అవుతుంది. ఇదంతా పైసా ఖర్చు లేని పని, ఓపిక ఖర్చు మాత్రమే. ఇంగ్లీషు చదవగలిగిన మీ పిల్లలు సెలవుల్లో రెండు రోజులు వచ్చి కూర్చుంటే మాకు పెద్ద సహాయం.

ధ్రువపత్రం ఇంకొకటి. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. కోర్టులో వ్యాజ్యం నడిచినా 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ప్రవేశాల్లో కొనసాగింది. షేక్ కుటుంబాలు దాని కిందికి వస్తాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు రావు. వారు ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవచ్చు. బడి రిజిస్టరులో చాలామంది పిల్లలకు కులం దగ్గర ముస్లిం అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. కౌన్సెలింగ్ నాలుగు రోజులుందనగా సచివాలయానికి, అక్కడి నుంచి తహసీల్దారు కార్యాలయానికి తిరిగితే పని కాదు.

డబ్బు సంగతి చెప్పి ముగిస్తాం. సీటు వచ్చాక ట్యూషన్ ఫీజుకు ప్రభుత్వ పథకం ఏదో ఒకటి ఆదుకుంటుంది. సీటు రాకముందు ఖర్చులకు ఎవరూ లేరు. పాలిసెట్ దరఖాస్తు, పుస్తకాలు, వేసవిలో లెక్కల కోచింగ్, పత్రాల కోసం రెండు మూడుసార్లు ఏలూరు ప్రయాణం, ఆ రోజుల్లో తండ్రి పోగొట్టుకునే కూలి. సీటు వచ్చాక డ్రాయింగ్ పరికరాలు, హాస్టల్ మెస్, ప్రభుత్వం డబ్బు వచ్చేలోపు కాలేజీ అడిగే మొత్తం. చిన్నచిన్న మొత్తాలే, కాని పిల్లలు ఆగిపోయేది వీటి దగ్గరే. జకాత్ సొమ్ము ఇందులో దేనికి వాడవచ్చన్నది మేము తేల్చే విషయం కాదు. అర్హుల చేతికి అందవలసిన సొమ్ము గనుక ఉలమాలను అడిగి దాని పద్దు వేరుగా రాస్తున్నాం. సదఖా, విరాళాల పద్దు వేరు.

ఒక ఇబ్బంది ఉంది. మీలో చాలామంది ఒక ఏడాదికి ఇస్తారు. పిల్లవాడి చదువు ఆరేళ్లు. మూడో ఏడాది డిప్లొమా పూర్తి చేసి ఈసెట్ రాసే సమయానికి మొదటి ఏడాది ఇచ్చినవారు ఊరు మారి ఉంటారు, లేదా వేరే పనికి ఇచ్చి ఉంటారు. వారి తప్పేమీ లేదు, మేమే అడగలేదు. పోయినసారి ఒక తండ్రి మమ్మల్ని సూటిగా అడిగాడు: "మొదటి ఏడాది మీరు కడతారు సరే, తర్వాత సంగతేంటి సార్? మధ్యలో ఆపించే పనైతే ఇప్పుడే షెడ్డులో పెట్టేస్తాను." మా దగ్గర జవాబు లేకపోయింది. అందుకని ఈ సంవత్సరం విరాళ పత్రంలో మొత్తం రాసే గడి పక్కన ఎన్ని సంవత్సరాలకు అని ఇంకో గడి పెట్టాం. మొత్తం తక్కువైనా ఫరవాలేదు. ఆ గడి ఖాళీగా వదలకండి.